మారిషసు ద్వీపమున నేను చదువుకొనిన పాఠములు



నేను ముప్పదినాలుగేండ్లు బడిపంతులుగా నుండి, ఉద్యోగము చాలించుకొని, చంద్రశేఖరపురమున మా యింటి అరుగుమీద కూర్చుండి కాలక్షేపము చేయుచున్నవాడను. ఇకమీదట చదువు చెప్పుటయే కాని, ఒకరిచేత చెప్పించుకొను అవసరము నాకు లేదని నిశ్చింతగా నుండగా, గడచిన వేసవి తుదను విధి నన్ను పట్టి సముద్రమున కవ్వల నున్న మారిషసు ద్వీపమునకు గొంపోయి, మరల ఒకటవ తరగతి బల్లమీద కూర్చుండబెట్టినది. బెత్తము దెబ్బలు తినలేదు గాని, తినినంత పని యైనది.

మా యల్లుడు అచ్చట లెక్కల యుద్యోగమున నున్నాడు. “మామయ్యగారూ, మీ ఊర మృగశిర కార్తె వచ్చినను ఎండ తగ్గదు. ఒక నెల మా యింట చల్లగా విశ్రాంతి తీసికొనుడు” అని వ్రాసెను. ‘చల్లగా’ అను మాటను నేను ఉపచారముగా తలచితిని. మర్యాదకు వ్రాసిన జాబులలో గూడ ఒక్కొక్క నిజమైన మాట యుండునని తెలిసికొనుటకు నాకు ఆరుగంటల విమానప్రయాణము పట్టినది.

మారిషసు ఆఫ్రికాఖండమునకు తూర్పున, మడగాస్కరు దీవికిని ఆవల, భూమధ్యరేఖకు దక్షిణముగా ఇరువది డిగ్రీల దూరమున హిందూమహాసముద్రమందున్న చిన్న ద్వీపము. దాని వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి ప్రకాశము జిల్లా 17,626 చదరపు కిలోమీటర్లు. అనగా మన జిల్లాలో తొమ్మిది మారిషసులు పట్టి, పైపెచ్చు గట్లకును బాటలకును చోటు మిగులును. దానిని డచ్చివారు, పరాసువారు, ఇంగ్లీషువారు వరుసగా ఏలిరి. 1968వ సంవత్సరము మార్చి 12వ తేదీన స్వతంత్రమైనది. కచేరీలలో ఇంగ్లీషు, వార్తాపత్రికలలో పరాసు, ఇండ్లలో ఆ పరాసునుండి పుట్టిన క్రియోలు అను భాష నడచుచుండును.

దక్షిణార్ధగోళమున ఋతువులు తారుమారుగా నుండునని నేను ఎందరు పిల్లలచేత వల్లె వేయించితినో లెక్క లేదు. గోళమును దీపమున కెదురుగా పట్టి త్రిప్పి చూపెడివాడను. తప్పు చెప్పిన పిల్లవానిని బల్ల ఎక్కించిన దినములును కలవు. అట్టి నేను జూను మూడవ వారమున పెట్టె సర్దుకొనుచు రెండు పలుచని ధోవతులు, రెండు లాల్చీలు, ఒక విసనకర్ర పెట్టుకొంటిని. కంబళి మాట తలపునకే రాలేదు. మా యల్లునిల్లు సముద్రమట్టమునకు 550 మీటర్ల ఎత్తున నున్న క్యూర్‌పీపు పట్టణములో నున్నది. అచ్చట జూను నెల నడిచలికాలము. రాత్రులు పదునైదు డిగ్రీల వరకు దిగును. ఢిల్లీవారికి ఇది చలి కాకపోవచ్చును. వెలిగొండల ప్రక్కవాడనై, రోహిణి కార్తె ఎండ యింకను ఒంటినుండి దిగని నాకు మాత్రము అది హిమాలయము. విసనకర్రను పెట్టెనుండి పైకి తీయక, మా యమ్మాయి దుప్పటి అడిగి తీసికొంటిని.

మరునాడు ఉదయమున ఎండ కాచుకొందమని కుర్చీని ఇంటి దక్షిణపు గోడ ప్రక్కన వేయించుకొంటిని. మన ఊర చలికాలమున ముసలివారు చేరునది దక్షిణపు వసారాయే గదా! ఎనిమిది గంటలయ్యెను, తొమ్మిదయ్యెను, పదియయ్యెను. నీడ కదలలేదు. నేను వణకుచు సూర్యుని మందకొడితనమును గూర్చి విచారించుచుండగా, ఏడేండ్ల మా మనుమరాలు వచ్చి, “తాతయ్యా, ఎండ అటుప్రక్క గదా వచ్చును!” అని నా వ్రేలు పట్టుకొని ఇంటికి ఉత్తరపు వైపునకు తీసికొనిపోయెను. అచ్చట ఎండ దండిగా కాయుచుండెను.

కారణము నాకు తెలియనిది కాదు. సూర్యుడు ఏటేట కర్కటరేఖ వరకు ఉత్తరముగాను, మకరరేఖ వరకు దక్షిణముగాను పోయి వచ్చుచుండును. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరమున పదునైదు డిగ్రీలలో నున్నది గనుక, సంవత్సరములో చాల కాలము మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణమునకు వాలియుండును. మారిషసువారి కిది తలక్రిందులు. వారి చలికాలమున సూర్యుడు ఉత్తరపు గోడ మీదుగా పోవును. ఈ సంగతిని నల్లబల్లమీద గీచి చూపిన చేయి నాదే. కుర్చీని దక్షిణమున వేయించుకొనిన చేయియు నాదే.

పోయిన పరువు కొంతయైన తిరిగి తెచ్చుకొందమని, ఆ బాలికను పిలిచి పెరటిలో పండ్రెండంగుళముల పుల్లను నిటారుగా నాటితిని. మన పూర్వులు శంకువు అనినది ఇదియే. నీడను కొలిచి దిక్కులు, కాలము నిర్ణయించు పద్ధతి సూర్యసిద్ధాంతమున వివరముగా నున్నది. కొలతలు వ్రాసికొనుటకు మార్కాపురపు పలకలు ఉండనే ఉన్నవి. బహుమానముగా నిచ్చుటకు రెండింటిని నేను బట్టల నడుమ భద్రముగా తీసికొనిపోయితిని. జూను 22వ తేదీ మధ్యాహ్నమున ఆ పండ్రెండంగుళముల పుల్లకు పదకొండంగుళములకు మించిన నీడ దక్షిణముగా పడెను. అదే దినమున మన ఊర నాటియుండిన రెండంగుళములైన పడియుండదు.

ఇంకొక వింత. మన చలికాలమున నీడ ఉదయము పడమట నుండి బయలుదేరి, ఉత్తరము మీదుగా తూర్పునకు తిరుగును. గడియారపు ముండ్లు తిరుగు దిక్కు ఇదియే. ఉత్తరదేశములవారి నీడగడియారములనుండియే ముండ్లకు ఆ దిక్కు వచ్చినదందురు. మారిషసులో నీడ పడమట నుండి దక్షిణము మీదుగా తూర్పునకు తిరిగి, గడియారమునకు ఎదురు నడచినది. దేవాలయమున మనము చేయు ప్రదక్షిణము గడియారపు దిక్కుననే గదా! మా మనుమరాలు పలక ప్రక్కన పెట్టి, “అయితే తాతయ్యా, ఇక్కడ ప్రదక్షిణము ఎటు తిరగవలెను?” అని యడిగెను. సమాధానము తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు చెప్పదగిన మాట యొకటి కలదు. దానినే చెప్పితిని: “ముందు అన్నము తిని రా.”

సంకల్పము చెప్పుకొనునప్పుడు మరియొక చిక్కు వచ్చినది. మనము శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో సంకల్పమున చెప్పుకొందుము గదా. మా ఊర ఆగ్నేయమని చెప్పుట చిన్ననాటినుండి అలవాటు. మారిషసు శ్రీశైలమునకు నైరృతి. అది నాలుగున్నరవేల కిలోమీటర్లకు మించిన నైరృతి. సరే, దూరము చెప్పనక్కరలేదని సమాధానపడితిని. అయనము మాట యేమి? జూలై నడుమ కర్కటసంక్రమణము వచ్చి, పంచాంగము ప్రకారము దక్షిణాయనము ప్రవేశించినది. మనకు అది ప్రొద్దు తరుగు కాలము. అచ్చట ప్రొద్దు దినదినము పెరుగుచుండెను. వారికి సంక్రాంతి నడివేసవిలోను, ఉగాది ఆకురాలు కాలపు వాకిటను వచ్చును. వసంతమని నోరు పలుకుచుండగా ఒడలు మరియొక మాట చెప్పును. నేను పంచాంగమునే నమ్మి, స్వెట్టరు తొడుగుకొని సంకల్పము ముగించుచుంటిని.

రాత్రి యాకాశము సంగతియు చెప్పవలెను. ఏడుగంటలకు ఉత్తరమున సప్తర్షులు నేలను తాకుచున్నట్లు క్రిందుగా కనబడిరి. వారి నడుమ అరుంధతిని పోల్చుకొనగలిగితిని. ధ్రువుడు మాత్రము లేడు. భూమధ్యరేఖ దాటిన పిమ్మట ధ్రువనక్షత్రము దిఙ్మండలమునకు క్రిందు పడిపోవును. దక్షిణమున చూతునుగదా, మన ఊర కొండల మీదుగా తొంగిచూచి పోవు త్రిశంకువు అచ్చట మింటి నడుమదాక నెక్కి కూర్చున్నాడు. స్వర్గమున చోటు దొరకనివానికి ఆ ద్వీపమున దొరికినట్లున్నది. పెండ్లిలో ధ్రువదర్శనము ఎట్లు చేయింతురని అచ్చటి తెలుగు పెద్ద నొకరిని అడిగితిని. ఆయన నవ్వి, “అరుంధతిని చూపుదుమండీ. ధ్రువుని మాత్రము ఉన్నాడని నమ్ముమందుము” అనెను.

భోజనముల విషయమున ఒక్కటియే చెప్పెదను. వీధిలో బండిమీద పలుచని రొట్టెలు కనబడెను. నడుమ పప్పుపిండి నింపి చేయుదురని చెప్పగా, బొబ్బట్టు దొరికినదని లొట్టలు వేయుచు నోట పెట్టుకొంటిని. బెల్లము లేదు. పచ్చిమిరపకాయల పచ్చడి కలదు. దాని పేరు ధోల్‌పూరీ. మరునాడు ‘గాటో పీమా’ అను తినుబండారము తెచ్చిరి. గాటో యనగా పరాసుభాషలో తీపిరొట్టె యని అల్లుడు ముందే చెప్పియుండుటచే, ఇదియైన తీపిగా నుండునని కొరికితిని. అది మన పప్పువడ. పీమా యనగా మిరపకాయ యని కన్నీరు తుడుచుకొనునప్పుడు చెప్పెను.

ఇంతవరకు నవ్వులాట. ఒకదినము పోర్టు లూయీ రేవునకు తీసికొనిపోయి, ఆప్రవాసీ ఘాట్ అను చోటును చూపించిరి. నీటిప్రక్కన కొన్ని రాతికట్టడములు, మెట్లు. అంతే. 1834 మొదలు 1920 వరకు మన దేశమునుండి సుమారు నాలుగున్నర లక్షలమంది కూలీలు ఆ ద్వీపమున దిగిరి. ఘాట్ కట్టుట 1849లో మొదలైనది. అటుతరువాత వచ్చినవారెల్ల ఆ మెట్లమీదుగానే పైకి పోయిరి. ఐదేండ్ల ఒడంబడిక, నెలకు ఐదు రూపాయల జీతము, చెరకుతోటలలో పని. 2006లో దానిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించిరి.

మనవారు ఏల పోయిరి? 1832-33లో వచ్చిన నందన కరువు మాట మీ తాతముత్తాతలు చెప్పగా వినియుందురు. గుంటూరు సీమను శ్మశానము చేసిన కరువది. 1839 నవంబరులో గోదావరి ముఖమునందలి కోరంగి రేవును ఉప్పెన ముంచివేసెను. పొట్ట చేతబట్టుకొని పోయినవారు కోరంగినుండియు, విశాఖపట్టణపు తీరమునుండియు ఓడలెక్కిరి. అందుచేత మారిషసులో తెలుగువారికి కోరంగీలని పేరు. రంగూనునందును మనవారిని ఆ పేరుతోనే పిలిచిరి. గుమాస్తా ‘నీ పేరేమి’ అని యడిగి వ్రాసికొనిన పేరే తరువాత ఇంటిపేరైనది. ముత్తాత అప్పన్న యైన, మునిమనుమల యింటిపేరు అప్పన్న. అట్టి యింట పుట్టిన నటాషా అప్పన్న అను ఆమె నేడు పరాసుభాషలో పేరుపొందిన రచయిత్రి.

చెరకుతోటల నడుమ అక్కడక్కడ నల్లరాళ్ల గుట్టలు ఇల్లంత ఎత్తున పేర్చి యుండును. అవి దేవుడు పెట్టిన గుట్టలు కావు. ఆ కూలీలు చేతులతో నేలనుండి ఏరి పోసినవి. రాళ్ల చేలు మన ప్రాంతమువారికి క్రొత్త కాదు. మనమును ఏరి గట్టున వేయుదుము. కాని మనము ఏరినది మన చేను. ఆ గుట్టల యొద్ద నేను కారు ఆపించి కొంతసేపు నిలిచితిని. అల్లుడు ఏమియు అడుగలేదు.

ఇక ముఖ్యమైన పాఠమునకు వత్తును. అచ్చటి తెలుగువారు ఇంట మాటలాడునది క్రియోలే యైనను, ఉగాదిని విడువలేదు. ఉగాది ఆ దేశమున సర్కారు సెలవుదినము. ప్రాథమిక పాఠశాలలలో తెలుగు చెప్పుదురు. 1970లో ఏర్పడిన మహాత్మా గాంధీ సంస్థలో పై చదువుగా తెలుగు కలదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి. వీటన్నిటికంటె పాతది రామభజనము. దీపము వెలిగించి, దాని చుట్టు తిరుగుచు తెల్లవార్లు పాడుదురు.

ఒక శనివారము రాత్రి ఒక పల్లెలో అట్టి భజనకు నన్ను పిలిచి, తెలుగుదేశపు పండితుడని పెద్దపీట వేసిరి. పాడించుచున్నది ఎనుబది దాటిన యొక అవ్వ. ఆమెకు అక్షరములు రావు. మిగిలినవారు తెలుగు పాటలను పరాసు లిపిలో వ్రాసికొనిన పుస్తకములు పట్టుకొని యనుసరించుచుండిరి. దశరథుని గూర్చిన యొక పాటలో, ఆ రాజునకు ‘నలుగురు గుంటలు’ కలిగిరని వచ్చెను. నా చెవి చివుక్కుమనెను. పాట ఆగిన పిమ్మట, అర్థము చెప్పుడని వారే కోరిరి. ఊరకుండుట నా జాతకమున లేదు.

గుంట యనగా గుండము అని మొదలుపెట్టితిని. దశరథుడు పుత్రకామేష్టి చేసెను గదా. కావున ఇవి ఆ యాగమునకై త్రవ్విన హోమగుండములు. తెలుగు వ్యాకరణమున మనుష్యులను లెక్కించునప్పుడు నలుగురు అనవలెను. గుండములు జడములు గనుక ‘నాలుగు’ అనవలెను. ఇది తరతరముల నోళ్లలోబడి చెడినది. ఇట్లు పావుగంట చెప్పితిని. ఒక యువ ఉపాధ్యాయుడు దానిని క్రియోలులోనికి మార్చి మరి పావుగంట చెప్పెను. అందరును భక్తితో తలలూపి, కలములు తీసి పుస్తకములలో ‘నలుగురు’ కొట్టివేసి ‘నాలుగు’ అని దిద్దుకొనిరి. అవ్వ మాత్రము నన్ను వింతగా చూచి, ఏమియు ననలేదు. రెండవ యావృత్తమున దశరథునకు నాలుగు గుంటలు కలిగినవి.

భోజనములకు అరటియాకులు పరచి, ఏడు కూరలు వడ్డించిరి. పిల్లలు ఆకుల నడుమ పరుగులెత్తుచుండగా, అవ్వ వంటయింటి వాకిట నిలిచి, “ఏయ్ గుంటలూ! ఇటు రండి!” అని కేకవేసెను. ముగ్గురు మునిమనుమలు పరుగెత్తుకొని పోయిరి.

ముద్ద నా చేతిలోనే నిలిచిపోయినది. మన సీమలో గుంట యనగా గొయ్యి. శ్రీకాకుళము, విజయనగరము వైపున గుంటడనగా పిల్లవాడు, గుంట యనగా పిల్ల, గుంటలనగా పిల్లలు. ఈ సంగతి ఎప్పుడో వినియే యున్నాను. దశరథునకు నలుగురు పిల్లలు. పాటలో ఒక్క యక్షరమును తప్పు లేదు. వ్యాకరణము గూడ ఆమె పక్షముననే యున్నది. ఆమె ముత్తవ్వ ఓడలో తెచ్చుకొనిన మాటను, నలుగురు–నాలుగు అను భేదమును ఆ యింటి నాలుకలు చెరుపక కాపాడుకొనిరి. వ్యాకరణము చదివిన నేను ఒక్క రాత్రిలో దిద్ది చెరిపితిని.

చేయి కడుగుకొని లేచి, తప్పు నాదని అందరియెదుట చెప్పితిని. యువ ఉపాధ్యాయుడు దీనిని క్రియోలులో చెప్పుటకు పావుగంట పట్టలేదు; అరనిమిషములో ముగించెను. అందరును నవ్విరి. అవ్వ అందరికంటె ఎక్కువ నవ్వి, “మీ గుంటలు బాగున్నాయి గానీ సామీ, మా గుంటలకు ఆకలెక్కువ” అని నా ఆకులో మరికొంత మునగాకు కూర వేసెను. “అప్పుడే చెప్పరాదా అవ్వా?” అంటిని. “పెద్ద చదువు చదివినోరు కదా. మీ ఊర్లో మాట మారిందేమో అనుకున్నాను” అనెను.

ఈ మాట నన్ను నిద్రపోనీయలేదు. ఆమెకు తన మాటమీద అనుమానము కలిగినది. నా బడిలో ఇంటిమాట పలికి నాచేత దిద్దించుకొని, మరల నోరు విప్పని పిల్లలు ఎందరుందురో అని ఆ రాత్రి లెక్క పెట్టబోయితిని. లెక్క కుదరలేదు.

తెల్లవారినపిమ్మట పుస్తకములు ఒక్కొక్కటి తెప్పించి, నేనే కూర్చుండి మరల ‘నలుగురు’ అని దిద్దించితిని. బయలుదేరునప్పుడు మార్కాపురపు పలక నొకదానిని అవ్వ చేతికిచ్చి, ఏమి వ్రాయుమందువని యడిగితిని. ఓనమాలు అడుగునని తలచితిని. ఆమె ‘గుంటలు’ అని వ్రాయుమనెను. వ్రాసి యిచ్చితిని. దానిని తిప్పి తిప్పి చూచుకొని, మునిమనుమని పిలిచి చూపించెను.

పుస్తకము లన్నియు దిద్దబడినవని చెప్పుటకు లేదు. భజనకు వచ్చిన యువకుడొకడు తెల్లవారక మునుపే తన పుస్తకము తీసికొని వేరొక ఊరికి వెడలిపోయెను. అతడెవరో కనుగొనుమని అల్లునికి ఇప్పటికి మూడు జాబులు వ్రాసితిని. ఇంకను దొరకలేదు. ఆ యొక్క పుస్తకమున మాత్రము దశరథునకు నేటికిని నాలుగు గుంటలే యున్నవి.